చీమల బారు నేర్పిన దారి లెక్క
విస్తరణ పర్యటనలలో మార్గ నిర్ణయం – ఒక పరిశీలన

ఏరువాక కేంద్రంలో పనిచేసే శాస్త్రవేత్తకు వారం ప్రారంభంలో ఎదురయ్యే మొదటి ప్రశ్న చాలాసార్లు పైరుకు సంబంధించినది కాదు, దారికి సంబంధించినది. చూడవలసిన గ్రామాల జాబితా చేతిలో ఉంటుంది. జీపు ఒకటే, పగటి వెలుతురు పరిమితం. ఏ గ్రామం ముందు, ఏది తరువాత? కేంద్రం నుంచి బయలుదేరి నాలుగు గ్రామాలు చూసి తిరిగి కేంద్రానికి చేరడానికి ఉన్న వేర్వేరు మార్గాలు పన్నెండే. గ్రామాలు పది అయితే మార్గాలు 18,14,400. పదిహేను అయితే 65 వేల కోట్లకు పైమాటే. ఈ ప్రశ్నను మనం సాధారణంగా డ్రైవరు అనుభవానికి, గత సంవత్సరపు కాగితానికి వదిలివేస్తాము.

నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో మా పర్యటన కార్యక్రమం ప్రతి కాలంలోనూ కొత్తగా తయారయ్యేది కాదు. పాత కార్యక్రమంలో తేదీలు మార్చి టైపు చేయించేవారము. ఆ మార్గంలో ఒక వాగు ఉండేది. వాగుకు అవతలనున్న ఒక గ్రామానికి చుట్టూ తిరిగి వెళ్లవలసి వచ్చేది. వాగుపై వంతెన పూర్తయి వాహనాలు తిరుగుతున్నప్పటికీ మా జీపు రెండు రబీల పాటు చుట్టుదారినే నడిచింది. దూరం కనుక ఆ గ్రామం ఎప్పుడూ జాబితాలో చివరన ఉండేది. పొద్దు గుంకితే మరుసటి వారానికి వాయిదా పడేది. రెండవ రబీలో మేము అక్కడికి చేరేసరికి దోమపోటు సోకిన వరి గుండ్రటి మచ్చలుగా ఎండి పడిపోయి ఉంది. మడిలో నీరు తీసివేసి, పాయలు విడదీసి, దుబ్బుల మొదళ్లకు మందు తగిలేలా పిచికారీ చేయవలసిన దశ దాటిపోయింది. ఒక వృద్ధ రైతు నన్ను చూసి, "అయ్యా, వంతెన మీదుగా పాల వ్యాను వస్తా ఉంది, పెళ్లి బస్సులు వస్తా ఉన్నాయి, మీ జీపుకే దారి తెలవలేదా?" అన్నారు.

ఆనాడు నా వద్ద సమాధానం లేదు. చాలా సంవత్సరాల తరువాత చీమలపై జరిగిన ఒక ప్రయోగాన్ని చదువుతున్నప్పుడు ఆ ప్రశ్న మళ్లీ గుర్తుకు వచ్చింది. మా జీపు చేసిన పొరపాటునే ఆ ప్రయోగంలోని చీమలు కూడా చేశాయి.

వ్యవసాయ సర్వేలతో పాత చుట్టరికం

అన్ని స్థలాలనూ ఒక్కొక్కసారి చూసి, అతి తక్కువ దూరంతో బయలుదేరిన చోటికి చేరడం ఎలా అన్న ప్రశ్నను గణితజ్ఞులు 'ట్రావెలింగ్ సేల్స్‌మన్ సమస్య' అంటారు. పేరులో వర్తకుడు ఉన్నప్పటికీ ఈ సమస్య చరిత్రలో వ్యవసాయానికి గౌరవప్రదమైన స్థానం ఉంది. 1930ల చివరి భాగంలో ప్రశాంతచంద్ర మహలనోబిస్ బెంగాలులో జనుము సాగు విస్తీర్ణాన్ని నమూనా సర్వే ద్వారా అంచనా వేసే పని చేపట్టారు. సర్వే ఖర్చులో సిబ్బంది ఒక నమూనా స్థలం నుంచి మరొక స్థలానికి ప్రయాణించే ఖర్చు ముఖ్యమైనదని గమనించి, 1940లో 'సంఖ్య' పత్రికలో ప్రచురించిన వ్యాసంలో దానిని లెక్కలోకి తెచ్చారు. నమూనా స్థలాల సంఖ్య పెరిగే కొద్దీ ప్రయాణ దూరం ఆ సంఖ్యతో సమానంగా కాక, ఇంచుమించు దాని వర్గమూలంతో పాటు పెరుగుతుందని చూపారు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో వ్యవసాయ క్షేత్రాల సర్వే నిర్వహించిన జెస్సెన్ 1942లో ఇదే ప్రశ్నను చేపట్టారు. 1959లో బియర్డ్‌వుడ్, హాల్టన్, హామర్‌స్లీ ఈ సంబంధానికి గణిత నిరూపణ ఇచ్చారు.

ఈ వర్గమూల సూత్రం మనకు నేటికీ పనికివచ్చేదే. భూసార పత్రాల పథకంలో సాగునీటి భూములలో ప్రతి 2.5 హెక్టార్లకు, వర్షాధార భూములలో ప్రతి 10 హెక్టార్లకు ఒక మట్టి నమూనా సేకరించాలని నిర్దేశించారు. 1,000 హెక్టార్ల విస్తీర్ణానికి మొదటి పద్ధతిలో 400 నమూనాలు, రెండవ పద్ధతిలో 100 నమూనాలు అవుతాయి. నమూనాలు నాలుగింతలు, కానీ క్రమం చక్కగా ఎంచుకుంటే నడవవలసిన దూరం రెండింతలే. క్రమం లేకుండా తిరిగితే ఈ లాభం దక్కదు. నమూనా తీయడానికి పట్టే సమయం మాత్రం నాలుగింతలే ఉంటుంది; దానికి ఏ గణితమూ మినహాయింపు ఇవ్వదు.

చీమల బారు ఎలా ఏర్పడుతుంది

పొలంలో చీమల బారు మొక్కపైకి పాకుతున్నదంటే ఆకుల అడుగున పేనుబంక ఉందేమో చూడాలని రైతులు అనుభవంతో చెబుతారు. పేనుబంక విసర్జించే తియ్యని ద్రవం కోసం చీమలు చేరతాయి. అంత పొడవున బారు తీరిన చీమలకు దారి చూపేవారెవరు? నాయకుడూ లేడు, పటమూ లేదు. ఆహారం దొరికిన చీమ పుట్టకు తిరిగి వచ్చేటప్పుడు నేలపై ఒక రసాయన జాడను వదులుతుంది. ఫెరోమోన్ అనగానే మనకు శనగపచ్చ పురుగుకో గులాబీ రంగు పురుగుకో పెట్టే లింగాకర్షక బుట్టలు గుర్తుకు వస్తాయి. ఇది వేరొక రకం. పిలిచే వాసన కాదు, దారి గుర్తు. వెనుక వచ్చే చీమ జాడ చిక్కగా ఉన్న వైపుకు మొగ్గుతుంది, తాను కూడా జాడను జోడిస్తుంది.

ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోకుండా, పరిసరాలలో చేసిన మార్పు ద్వారా పనిని సమన్వయించుకునే ఈ పద్ధతికి ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్-పాల్ గ్రాసే 1959లో చెదపురుగులను పరిశీలిస్తూ 'స్టిగ్మర్జీ' అని పేరు పెట్టారు. చీమల విషయంలో దీనిని స్పష్టంగా చూపినది బ్రస్సెల్స్‌లో గాస్, ఆరన్, డెనూబర్గ్, పాస్టీల్స్ అనే శాస్త్రవేత్తల బృందం 1989లో ప్రచురించిన ప్రయోగం. వారు వాడినది అర్జెంటీనా చీమ. పుట్టకూ ఆహారానికీ మధ్య రెండు పాయలుగా చీలి మళ్లీ కలిసే వంతెనను అమర్చారు. రెండు పాయలూ సమాన పొడవుగా ఉన్నప్పుడు చీమలు తొలుత రెండింటిపైనా నడిచి, యాదృచ్ఛికంగా ఒకదానిపై జాడ కాస్త చిక్కబడగానే దాదాపు అన్నీ ఆ పాయనే పట్టాయి. ఒక పాయ రెండవదానికి రెట్టింపు పొడవున్నప్పుడు ఎక్కువ ప్రయోగాలలో పొట్టి పాయ గెలిచింది. చీమలు పొడవులను కొలిచినందువల్ల కాదు. పొట్టి పాయపై వెళ్లిన చీమలు ముందుగా తిరిగి వచ్చాయి. కనుక ఆ పాయపై జాడ ముందుగా చిక్కబడింది.

విస్తరణ శాస్త్రవేత్త గుర్తుంచుకోవలసినది మూడవ పరీక్ష. మొదట పొడవైన పాయను మాత్రమే ఉంచి, చీమలు దానికి అలవాటుపడిన తరువాత, అర గంటకు, పొట్టి పాయను అమర్చారు. చీమలలో అత్యధిక భాగం పొడవైన పాయపైనే నడుస్తూ పోయాయి. పాత జాడ అంత త్వరగా ఆవిరి కాదు. కొత్త దారిపై నడిచిన కొద్ది చీమల జాడ దానిని జయించలేదు. వాగుపై వంతెన వచ్చినా చుట్టుదారిని వదలని మా జీపు కథ ఇదే. మా పాత జాడ టైపు చేసిన కాగితం.

కంప్యూటరులోని చీమలు

మిలాన్ పాలిటెక్నిక్‌లో పరిశోధక విద్యార్థిగా ఉన్న మార్కో డొరిగో ఈ ప్రవర్తనను గణన పద్ధతిగా మార్చి 1992లో తన సిద్ధాంత గ్రంథంలో సమర్పించారు. మనియెజ్జో, కొలోర్నీలతో కలిసి ఆయన 1996లో ప్రచురించిన వ్యాసంతో 'యాంట్ సిస్టమ్' విస్తృతంగా ప్రచారంలోకి వచ్చింది. దీని పనితీరును ఒక చిన్న కల్పిత ఉదాహరణతో చూద్దాము. విద్యార్థులు కాగితంపై చేసి సరిచూసుకోవచ్చు.

కేంద్రం నుంచి 'క' గ్రామం 6 కి.మీ., 'చ' 8, 'ప' 10, 'ట' 17 కి.మీ. దూరంలో ఉన్నవనుకుందాము. క–చ 4, క–ప 8, క–ట 11, చ–ప 5, చ–ట 12, ప–ట 10 కి.మీ. ప్రతిసారీ దగ్గరి గ్రామానికి పోవడమే మనందరి సహజ పద్ధతి. దాని ప్రకారం కేంద్రం–క–చ–ప–ట–కేంద్రం అవుతుంది. మొత్తం 42 కి.మీ. దూరపు గ్రామం 'ట'ను చివరకు వదిలినందున తిరుగు ప్రయాణానికే 17 కి.మీ. పడింది. పన్నెండు మార్గాలనూ లెక్కిస్తే అన్నిటికంటే పొట్టిది కేంద్రం–క–ట–ప–చ–కేంద్రం, 40 కి.మీ.; అన్నిటికంటే పొడవైనది 51 కి.మీ.

కృత్రిమ చీమ ఒక్కొక్క గ్రామంలో నిలిచి తరువాతి గ్రామాన్ని పాచిక వేసి ఎంచుకుంటుంది. పాచిక మాత్రం సమానమైనది కాదు. ప్రతి దారికీ రెండు గుణాలుంటాయి: దానిపై ఇప్పటివరకు పేరుకున్న జాడ ఒకటి, దగ్గరితనం మరొకటి. ఈ రెండింటి లబ్ధమే ఆ దారికి దక్కే వాటా. దగ్గరితనాన్ని దూరపు వర్గానికి విలోమంగా తీసుకుని, మొదట్లో అన్ని దారులపైనా జాడ సమానంగా ఉంచితే, 'క' వద్దనున్న చీమ 'చ'కు పోయే అవకాశం 72 శాతం, 'ప'కు 18, 'ట'కు 10 శాతం. దగ్గరి గ్రామంపై మొగ్గు ఉన్నది, కానీ నిర్బంధం లేదు. నూటికి పది చీమలు 11 కి.మీ. దారిని పట్టి 'ట'కు పోతాయి, మంచి మార్గం దొరికేది వాటి వల్లనే.

చీమలన్నీ ప్రయాణం ముగించాక ప్రతి చీమా తాను నడిచిన దారులపై, మొత్తం దూరానికి విలోమంగా జాడ వేస్తుంది. 100ను మొత్తం దూరంతో భాగిస్తామనుకుంటే 40 కి.మీ. తిరిగిన చీమ 2.50, 42 కి.మీ. తిరిగినది 2.38, 51 కి.మీ. తిరిగినది 1.96 చొప్పున వేస్తాయి. ఒక్క విడతలో తేడా స్వల్పమే. మరుసటి విడత చీమలు ఈ జాడను చూసి ఎంచుకుంటాయి కనుక తేడా విడత విడతకూ పెరుగుతుంది.

జాడను వేయడానికి ముందు పాత జాడలో కొంత భాగాన్ని తీసివేయడం ఈ పద్ధతిలో అతి ముఖ్యమైన మెట్టు. ప్రతి విడతలో సగం ఆవిరయ్యేలా పెడితే, ఎవరూ నడవని దారిపై పది విడతల తరువాత మిగిలేది తొలి జాడలో 1,024వ వంతు. పదింట ఒక వంతు మాత్రమే ఆవిరయ్యేలా పెడితే 35 శాతం మిగిలి ఉంటుంది. ఆవిరి మరీ వేగమైతే చీమలు నేర్చినదాన్ని నిలుపుకోలేవు. మరీ నెమ్మదైతే తొలి విడతల్లో పొరపాటున చిక్కబడిన దారికే అతుక్కుపోతాయి. బ్రస్సెల్స్ ప్రయోగంలో నిజమైన చీమలు పడిన చిక్కు ఇదే. కృత్రిమ చీమలకు మరపును మన ఇష్టానుసారం అమర్చవచ్చు. డొరిగో పద్ధతి చీమను అనుకరించిన చోటకంటే, ఇలా చీమను దాటి వెళ్లిన చోటనే ఎక్కువ ఉపయోగపడుతున్నదని నా అభిప్రాయం.

తరువాతి సవరణలు చాలావరకు ఈ సమతూకం చుట్టూ తిరిగినవే. డొరిగో, గాంబర్డెల్లా 1997లో ప్రతిపాదించిన రూపంలో విడత చివర జాడ వేసే హక్కు అప్పటివరకు ఉత్తమ మార్గం కనుగొన్న చీమకే ఉంటుంది. స్టుట్జిల్, హూస్ 2000లో ప్రచురించిన రూపంలో ఏ దారిపైనా జాడ ఒక గరిష్ఠ పరిమితిని మించదు, ఒక కనిష్ఠ పరిమితి కంటే తగ్గదు. ఎవరూ నడవని దారికి కూడా కొద్దిపాటి అవకాశం ఎల్లప్పుడూ మిగిలి ఉంటుందన్నమాట.

ఎక్కడ వాడాలి, ఎక్కడ అక్కరలేదు

వాహనాలు అనేకం, ఒక్కొక్కదానికి మోయగల బరువు ఇంత, ఒక్కొక్క చోటికి ఇన్ని గంటల లోపలే చేరాలి అన్న షరతులు కలిసినప్పుడు సమస్య చాలా జటిలమవుతుంది. 1999లో గాంబర్డెల్లా, టైలార్డ్, అగాజ్జీ దీనికి రెండు చీమల దండులను వాడారు. ఒకటి వాహనాల సంఖ్యను తగ్గించడానికి, రెండవది దూరాన్ని తగ్గించడానికి. స్విట్జర్లాండులో ఇంటింటికీ ఇంధన నూనె సరఫరాకు, మిగ్రోస్ దుకాణాల సరుకు రవాణాకు ఈ కోవకు చెందిన పద్ధతులు ఆచరణలోకి వచ్చాయి. పాల సేకరణ వాహనాలు, కోత యంత్రాలను అద్దెకిచ్చే కేంద్రాలు, విత్తన సరఫరా లారీలు మన వద్ద ఇదే స్వభావం గలవి.

పొలం లోపల కూడా ఇదే లెక్క ఉంది. పెద్ద కమతాలలో కోత యంత్రం నడిచే సాళ్లను గ్రామాలుగా, గట్టు వద్ద మలుపు తిరిగే దూరాన్ని రహదారిగా భావించవచ్చు. యంత్రం పని వెడల్పు 3 మీటర్లు, కనీస మలుపు వ్యాసార్ధం 5 మీటర్లు అనుకుంటే పక్క సాలులోకి ఒకే ఊపులో తిరగలేదు. వెనక్కి, ముందుకూ జరగాలి, లేదా ఉబ్బెత్తు మలుపు తీసుకోవాలి. మూడు సాళ్లు వదిలి నాలుగవ స్థానంలోని సాలులోకి, అనగా 12 మీటర్ల ఎడంలోకి, అయితే తేలికగా తిరుగుతుంది. ఏ సాలు తరువాత ఏ సాలు కోయాలో తేల్చడానికి చీమల పద్ధతిని పరిశోధకులు వాడారు. చిన్న మడులు, అడుగడుగునా గట్లు ఉన్న మన వరి పొలాలలో ఈ లాభం తక్కువే; మడి నుంచి మడికి యంత్రాన్ని తరలించే క్రమంలోనే మనకు అసలైన ఆదా.

విద్యార్థులకు ఒక మాట. చీమలు, తేనెటీగలు, గబ్బిలాలు, తోడేళ్లు అంటూ జంతువుల పేర్లతో వస్తున్న పద్ధతుల వరదను కెన్నెత్ సోరెన్‌సెన్ 2015లో తీవ్రంగా విమర్శించారు. ఉపమానం ఆకర్షణీయంగా ఉన్నంత మాత్రాన పద్ధతి కొత్తది కాబోదన్నది ఆయన వాదన. దానితో నేను ఏకీభవిస్తాను. చీమల పద్ధతి దొరికినది ఉత్తమ మార్గమేనని హామీ ఇవ్వదు. 1954లోనే డాంట్జిగ్, ఫుల్కర్సన్, జాన్సన్ 49 నగరాల సమస్యకు కచ్చితమైన ఉత్తమ మార్గాన్ని నిరూపణతో సహా సాధించారు. 2006లో 85,900 బిందువుల సమస్య కూడా కచ్చితంగా సాధ్యమైంది. ఇరవై గ్రామాలకు ఒకే జీపు తిరగవలసి వస్తే చీమల అవసరమే లేదు. దగ్గరి గ్రామం పద్ధతితో ఒక మార్గం గీసి, పటంపై దారులు ఒకదాని నొకటి ఖండించిన చోట ఆ రెండింటినీ విప్పి మార్చి కలిపితే చాలావరకు పని జరుగుతుంది. పెద్ద సమస్యలలో చీమల పద్ధతి కూడా ఇటువంటి స్థానిక సవరణను జతచేసినప్పుడే బాగా పనిచేస్తుంది. షరతులు అనేకమై, అవి మధ్య మధ్య మారుతూ ఉండే చోట చీమలకు పని అప్పగించండి. సిద్ధాంత గ్రంథానికి అందమైన పేరు కోసం మాత్రం వద్దు.

జాబితా ముందు, దారి తరువాత

దూరం తగ్గించమని అడిగితే ఏ పద్ధతి అయినా దూరమే తగ్గిస్తుంది. మన ఉదాహరణలో 'ట'ను జాబితా నుంచి తీసివేస్తే కేంద్రం–క–చ–ప–కేంద్రం 25 కి.మీ.లో పూర్తవుతుంది. 15 కి.మీ. ఆదా అయినట్లు నివేదికలో వ్రాసుకోవచ్చు. 'ట'లోని పైరు సంగతి ఆ నివేదికలో ఉండదు. అధికారులు, పరిశోధకులు తారు రోడ్డు పక్క గ్రామాలనే చూసి వాటినే గ్రామీణ జీవితంగా భావించే ధోరణిని రాబర్ట్ చాంబర్స్ 1983లో తన గ్రంథంలో ఎత్తిచూపారు. రోడ్డు పక్క రైతు మనకు పరిచయమవుతాడు, ప్రదర్శన క్షేత్రం అతనికే వస్తుంది, దానిని చూడడానికి మళ్లీ అక్కడికే పోతాము. ఆవిరి లేని జాడ ఇది. డేనియల్ బెనోర్ రూపొందించిన శిక్షణ–సందర్శన పద్ధతిలో అనేక లోపాలు ఉండవచ్చు, కానీ పక్షం రోజులకు ఒకసారి తప్పక సందర్శన అన్న నియమంతో ఎవరిని చూడాలన్నది ముందే తేలేది.

రోజుకు కొన్ని గ్రామాలనే చూడగలిగినప్పుడు ఆ నియమాన్ని చీమల లెక్కలోనే చేర్చవచ్చు. దగ్గరితనం స్థానంలో, చివరి సందర్శన తరువాత గడిచిన రోజులను దూరంతో భాగించి చూడండి. 'క' నుంచి 4 కి.మీ. దూరంలోని 'చ'ను ఐదు రోజుల క్రితమే చూసి ఉంటే దాని విలువ 1.25. పదకొండు కి.మీ. దూరంలోని 'ట'ను చూసి ముప్పై రోజులైతే 2.73. చీమ ఇప్పుడు 'ట' వైపు మొగ్గుతుంది. చీడపీడల హెచ్చరిక ఉన్న గ్రామానికి ఈ విలువను ఇంకా పెంచవచ్చు. ఎంత పెంచాలన్నది సస్యశాస్త్రవేత్త, కీటక శాస్త్రవేత్త కూర్చుని తేల్చవలసిన విషయం.

దూరాల పట్టిక నాణ్యత కూడా అంతే ముఖ్యం. పటంపై సరళరేఖ దూరాలు వాగులనూ రైలు గేట్లనూ ఎరుగవు. కిలోమీటర్ల కంటే నిమిషాలు నయం; వర్షాకాలానికి ఒక పట్టిక, వేసవికి ఒక పట్టిక ఉండాలి. ఆ నిమిషాలు అందరికంటే బాగా తెలిసినది జీపు డ్రైవరుకు. దారిని అతనికే వదిలివేయకూడదు గాని, పట్టికను అతను చూడకుండా కంప్యూటరుకు ఇవ్వకూడదు.

ఇప్పుడు మా గదిలో గోడకు అటువంటి పట్టిక ఒకటి ఉంది. పై వరుసలో, ఎడమ వరుసలో గ్రామాల పేర్లు. గడులలో నిమిషాలు, పెన్సిలుతో వ్రాసినవి. ప్రతి వానాకాలం ముగిశాక మా డ్రైవరు రబ్బరు పట్టుకుని దాని ముందు నిలబడతాడు. క్రిందటి సారి పదకొండు గడులు మార్చాడు.